గడపరాయి అవతల

పిన్ని సమాధి మీద పెట్టే రాయి చెక్కించడానికి వెళ్తే, చెక్కేవాడు సుత్తి పక్కన పెట్టి, చెవి మీది పెన్సిలు తీసి, "ఆవిడ భర్త పేరేటమ్మా?" అని అడిగాడు. శ్రీకాకుళంలో ఉద్యోగమంతా పిల్లల పేర్లు పిలిచి హాజరు వేసిన పంతులమ్మను. తల నెరిసి, మోకాళ్ళు అరిగిన మనిషిని. సొంత చిన్నాన్న పేరు చెప్పడానికి నడిబజార్లో నిలబడి నీళ్ళు నమిలాను. "మర్సిపోనారేటి?" అన్నాడు. "మర్చిపోవడమేమిటయ్యా, మా ఇంట్లో ఆ పేరు ఎత్తేవాళ్ళం కాదు" అన్నాను విసుగ్గా. ఏదో కుటుంబ తగాదా అనుకున్నాడు కాబోలు, జాలిగా తలూపి కాగితం నా ముందుకు తోశాడు. రాసిచ్చి వచ్చేశాను. తగాదా కాదు నాయనా అంటూ, వాడికి చెప్పాల్సిన జవాబంతా ఆటోలో నాకు నేనే చెప్పుకున్నాను. ఇక్కడ రాస్తున్నదీ అదే. ఆ పేరు మాత్రం దాని చోటు వచ్చేదాకా రాయను. నోటితో పాటు చేతికీ అలవాటైపోయింది.

గొందిరేవు పేరు మీరు విని ఉండరు. కళింగపట్నం దగ్గర్నుంచి తీరం పట్టుకుని దక్షిణానికి వస్తే చాలాదూరం ఒకటే ఇసుక, ఒకటే సరుగుడు తోటలు. విజయనగరం జిల్లాలోకి వచ్చాక ఒకచోట రెండు రాతిమెట్టలు సముద్రంలోకి చొచ్చుకుపోయి, మధ్యలో కాస్త జాగా వదిలాయి. అదే గొంది. పైనుంచి చూస్తే అక్కడ అలాంటిదొకటి ఉందని కూడా తెలియదు. జీడిమామిడి తోట దాటి, మొగలిపొదల మధ్య వానలకు కోసుకుపోయిన ఎర్రమట్టి గాడిలో దిగుతూ పోతే, ఉన్నట్టుండి కాళ్ళ కింద ఇసుక, ఎదురుగా నీళ్ళు. ఆ రెండు మెట్టలకూ నడుమ, సరిగ్గా ముఖద్వారంలో, నల్లటి రాయి ఒకటి నీళ్ళలోంచి తల బయటపెట్టి ఉంటుంది. దాన్ని గడపరాయి అనేవారు. రాయికి అవతల సముద్రం దాని ఇష్టం. ఇవతల నీళ్ళు గాబులో నీళ్ళలా మెదలకుండా ఉండేవి. తెప్ప ఆ రాయి దాటి లోపలికొచ్చిందంటే మనిషి ఇంటికొచ్చేసినట్టే. బస్సు లేదు, బడి లేదు, కరెంటు లేదు. ఉన్నవల్లా కొన్ని తాటాకు ఇళ్ళు, ఇసుకలో తవ్విన మంచినీళ్ళ చెలమ ఒకటి, ఎండబెట్టిన నెత్తళ్ళ చేపల కోసం కాచుక్కూర్చునే కాకులు.

అమ్మ జబ్బుపడి మిషన్ ఆసుపత్రిలో చేరితే, బడిపంతులైన నాన్న నన్ను తీసుకొచ్చి ఆ గొందిలో తన తల్లి దగ్గర దింపి వెళ్ళిపోయాడు. మామ్మ, ఆమె చిన్నకొడుకైన మా చిన్నాన్న, ఆయన భార్య పిన్ని, ఇంట్లో ఆ ముగ్గురే. మిషను వాళ్ళు అన్నదమ్ములిద్దర్నీ చిన్నప్పుడు బోర్డింగులో వేస్తే నాన్న చదువుకున్నాడు, చిన్నాన్న గోడ దూకి సముద్రానికి వచ్చేశాడు. నా ఈడు పిల్లలు గొందిలో లేరు. పొద్దస్తమానం పీతల బొక్కల్లో పుల్లలు గుచ్చుతూ, అమ్మ ఎప్పుడొస్తుందో పీతల్ని అడుగుతూ తిరిగేదాన్ని. ఆ ఇంటి వాసన ఇప్పటికీ నా ముక్కుకు తెలుసు. ఎండుచేప, తడి తాడు, నిప్పుల్లో కాలుతున్న జీడిగింజలు, వాటి మీదుగా ఎక్కడినుంచో మొగలిపువ్వు, వీటన్నిటినీ కప్పేస్తూ మామ్మ చుట్ట. మామ్మ పొట్టి మనిషి, గొంతు మాత్రం పెద్దది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చేది. పాస్టరు గారు వచ్చినప్పుడల్లా "చుట్ట మానెయ్యమ్మా" అంటే, "పెబువు దగ్గరకెల్లినాక ఆయనే మానమంటే మానీస్తానయ్యా" అనేది. ఆ చుట్ట నోట్లోంచి బయటికొచ్చేది తిండికి కాక ఇంకో రెండింటికే, సాయంత్రం ప్రార్థనకీ, పేరు పిలవడానికీ.

పేరు పిలవకూడని వేళ ఒకటుందని వచ్చిన మొదటి రోజే నాకు తెలిసింది. ఆ రోజు చిన్నాన్న వేటకెళ్ళాడు, చీకటిపడే వేళకు ఇంకా రాలేదు. మామ్మ ప్రార్థన మొదలుపెట్టి, నన్ను కూడా రెండు ముక్కలు చెప్పమంది. మా ఇంట్లో నాన్న నేర్పిన ప్రార్థనలో అందరి పేర్లూ వరసగా చెప్పి ఒక్కొక్కళ్ళనీ కాపాడమని అడగాలి. నేను కళ్ళు మూసుకుని అమ్మ పేరు, నాన్న పేరు చెప్పి, చిన్నాన్న పేరు అందుకున్నానో లేదో, మామ్మ అరచెయ్యి వచ్చి నా నోటి మీద పడింది. పొగాకు వాసన ఇంకా గుర్తే. "ఒలమ్మో, ఏటే నీ నోరు! సముద్రం మీదున్నోడి పేరు ఎత్తుతారేటి?" అంది. పేరు వింటే సముద్రం ఆ మనిషిని ఉంచేసుకుంటుందట. అందుకని ఎవరు వేటకెళ్ళినా, తిరిగి రాయి దాటి లోపలికొచ్చేదాకా వాళ్ళ పేరు ఇంట్లో ఎవరూ అనరు. మామ్మ ప్రార్థనలో కూడా "గడపరాయి అవతలున్నోళ్ళని సూడు పెబువా" అనే ఉండేది. ఎవరిని చూడాలో ప్రభువుకి తెలియదా ఏమిటి అని ఆమె నమ్మకం.

చిన్నాన్న ఇంకాసేపటికి వచ్చేశాడు, తెప్ప మీద ఇంత ఎత్తున కానాగంత చేపలతో. సంగతి విని పడీపడీ నవ్వాడు. "ఏటే గుంటా, నా పేరు సముద్రానికి సెప్పీసినావంట? మంచిపని సేసినావు. ఇన్నాళ్ళూ ఎవుడో దొంగోడొచ్చి సేపలట్టుకెలతన్నాడనుకుంది, పాపం." మామ్మ చేతికందిన చేట విసిరింది. ఆయన తప్పుకున్నాడు, చేట పిన్నికి తగిలింది. అందరం నవ్వాం. ఆ ఇంట్లో నేను నవ్వడం అదే మొదలు. చిన్నాన్న ఉన్నంతసేపూ ఆ ఇల్లు అలాగే ఉండేది. ఆయన వేటకెళ్తే మాత్రం, గాలికి తాటాకు గీసుకునే చప్పుడే మాకు మాటా పలుకూ.

ఇక పిలవడం. తెప్ప రాయి దాటి లోపలికి జొరబడిందంటే, ఆ ఇంటి పెద్దావిడ తడి ఇసుకలో నిలబడి పేరు పెట్టి గట్టిగా పిలవాలి. మామ్మ చీర ఎగ్గట్టి, చుట్ట తీసి చేత్తో పట్టుకుని, ఛాతీ నిండా ఊపిరి పీల్చుకుని పిలిచేది. ఉత్తరపు మెట్ట ఆ పేరు పట్టుకుని, ఓ క్షణం ఆగి, తిరిగి అనేది. కొండ పలికింది అనేవాళ్ళం. గాలి పోటుకు మా ఇంటి గుమ్మం సముద్రానికి వీపు పెట్టి ఉండేది, వంట దగ్గరున్న పిన్నికి రేవు కనబడదు. మామ్మ పిలుపు గాలికి కొట్టుకుపోయినా కొండ పలుకు మాత్రం పిన్ని చెవిన పడేది. పొయ్యి మీద ఎసరు మరుగుతూ ఉండేది. కొండ పలికాక పిన్ని బియ్యం పోసేది, అంతకు ముందు కాదు. తెప్ప ఒడ్డుకు లాగి, కట్లు విప్పి, చెలమ దగ్గర ఒంటికంటిన ఉప్పు కడుక్కుని చిన్నాన్న వచ్చేసరికి అన్నం దిగేది. పిన్నికి అప్పటికి పెళ్ళయి ఎంతో కాలం కాలేదు. మాట తక్కువ. నన్ను పేరు పెట్టి పిలిచేది కాదు, గుంటా అనేది. మా వైపు పిల్లల్ని అలాగే అంటారు. మొగుణ్ణి మావ అనేది. ఎసరు ముందు కూర్చుని, తల కాస్త పక్కకి వంచి, కొండ కోసం చెవి పెట్టుకుని ఉండే ఆ మనిషే, పిన్ని అంటే నాకు ఇప్పటికీ.

ఆయన రాని రోజు గురించి చెప్పడానికి ఏమీ లేదు, అదే బాధ. తుఫాను లేదు, మబ్బు లేదు. చద్దన్నంలో కాల్చిన కవ్వళ్ళ చేపలు నంజుకుని, నా జడ లాగి వెళ్ళాడు. మధ్యాహ్నం దాటాక మిగతా తెప్పలు ఒక్కొక్కటీ వచ్చాయి. ఆయా ఇళ్ళ ఆడవాళ్ళు పిలిచారు, కొండ పలికింది. మా పేరు తప్ప అన్ని పేర్లూ పలికింది. పొయ్యి మీద నీళ్ళు మరిగి మరిగి ఇంకిపోతుంటే పిన్ని మళ్ళీ మళ్ళీ నీళ్ళు పోసింది, బియ్యం పోయలేదు. మామ్మ తడి ఇసుకలో నిలబడే ఉంది. చేతిలో చుట్ట ఎప్పుడో ఆరిపోయింది. మర్నాడు మగాళ్ళంతా తెప్పలేసుకుని వెతికారు, కళింగపట్నం దాకా కబురంపారు. ఒక దుంగ గానీ వలముక్క గానీ కొట్టుకురాలేదు.

కొన్నాళ్ళకి పాస్టరు గారు జ్ఞాపకార్థ ప్రార్థన పెడదామని వచ్చారు. మామ్మ ఆయన్ని గుమ్మంలోనే ఆపేసింది. "ఆడు సచ్చిపోనాడని నీకెవులు సెప్పినారయ్యా? ఆడు రాయవతలున్నాడు. అవతలున్నోడి పేరు నానెత్తను, నువ్వెత్తకు" అంది. పిన్ని గోడ వారన నిలబడి వింది. ఆ రోజు నుంచి ఆ పేరు మా ఇంట్లో మూతపడిపోయింది. పేరంటే మామూలు పేరా! బైబిల్లో గొర్రెలు కాసి రాజైన వాడి పేరు. మామ్మకు చదువు రాదు, రోజూ కీర్తనలు నేనే చదివి వినిపించాలి. ఆ పేరు తగలని పేజీ ఎక్కడుంది? అది వచ్చినచోటల్లా దగ్గేదాన్ని. ఒకసారి పాస్టరు గారు కూర్చుని విని, "ఈ పిల్లకి దగ్గుమందు ఇప్పించండమ్మా, ఛాతీలో ఏదో ఉంది" అన్నారు. పిన్నికి ఫక్కున నవ్వొచ్చింది, ఆ వెంటనే లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. చాలాసేపటిదాకా రాలేదు.

అమ్మ కోలుకోలేదు. నాన్న వచ్చి నన్ను బోర్డింగులో వేశాడు. అక్కడినుంచి చదువు, ఉద్యోగం, శ్రీకాకుళంలో కాపురం. పిల్లల్లేరు, మావారు పోయి చాలాకాలమైంది. మధ్యలో సెలవులకు గొందికి వెళ్తూ ఉండేదాన్ని. మామ్మ చివరిదాకా మొండికేసి, ఆ పేరు ఎత్తకుండానే పోయింది. ఓ పెద్దగాలికి ఇళ్ళు లేచిపోయాక గొంది జనాన్ని తారురోడ్డు పక్క కాలనీకి తరలించారు, పిన్నికీ ఒక గదిల్లు ఇచ్చారు. అందులో గ్యాసు పొయ్యి, టీవీ, ఫ్యాను అన్నీ అమిరాయి. పిన్ని చేతి ఎర్రగాజులు మాత్రం అలాగే ఉన్నాయి. విధవవు కాదు, ముత్తయిదువవు కాదు, ఏమిటి నువ్వు అని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఎప్పుడెళ్ళినా ఒకటి గమనించేదాన్ని. గ్యాసు మీద ఎసరు మరిగాక పిన్ని చెయ్యి బియ్యం గిన్నె మీద ఆగేది. తల కాస్త పక్కకి వంగేది. కాసేపు అలా ఉండి అప్పుడు పోసేది. కాలనీలో ఏ కొండ పలుకుతుంది! లారీల హారన్లు తప్ప.

మొన్న చలికాలంలో పిన్ని పక్కింటివాళ్ళ ఫోన్లోంచి పిలిచింది. "ఒసే, ఓపాలి రా. నన్ను గొందికి తీసుకెల్లాలి" అంది. వెళ్ళాను. మనిషి చిక్కిపోయి ఉంది, ఆయాసం. డాక్టరు దగ్గరికి పోదామంటే కసిరింది. "డాట్రు ఏటి సేస్తాడు? నాను పోతన్నాను, నాకు తెలస్తంది. పోయేముందు మావని పిలవాల. నాను కూడా పోతే ఆడికి పిలుపే ఉండదే. ఎన్నాళ్ళని నిలబడతాడు అవతల?" అంది. "రాయి దాటి లోపలికొస్తేనే కదా పిన్నీ పిలవడం? మామ్మ అలాగే చెప్పేది" అన్నాను, బడిలో సూత్రం చెప్పినట్టు. "మీ మామ్మ అలగే సెప్పీది. వచ్చినాక పిలవాలనీది. పిలిస్తే వస్తాడని నాకనిపించీది. అత్త మాట కాదని నానెప్పుడు అనగలిగినాను? ఏది నిజమో పెబువుకే ఎరుక" అంది. జీవితమంతా ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర కూర్చుని, ఒకరు పిలవకూడదనీ, ఒకరు పిలవాలనీ అనుకుంటూ బతికారన్నమాట. ఆ మాట ఇద్దరిలో ఎవరి నోటంటా రాలేదు. "మరి నువ్వే పిలవొచ్చు కదా?" అన్నాను. పిన్ని నన్ను ఎగాదిగా చూసింది. "మొగుడి పేరు నాను పిలుస్తానా? సిగ్గునేదేటే నీకు? ఇప్పుడీ ఇంటికి పెద్దదానివి నువ్వు, నువ్వు పిలు."

నాకు ఇష్టం లేదు. నమ్మకం లేక కాదు, ఉండబట్టే. ఇంత చదివి, ఇంతమందికి పాఠాలు చెప్పి, లోపల మాత్రం నేనింకా మామ్మ అరచేతి కింద ఉన్న పిల్లనే. పేరు ఎత్తనంతకాలం ఆయన దారిలో ఉన్నట్టే. ఎత్తితే ఇక అయిపోయినట్టు. కాదంటే పిన్ని ఈ కోరికతోనే కన్నుమూస్తుంది. మర్నాడు పొద్దున్నే ఆటో మాట్లాడి, ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని బయల్దేరాం. జీడితోట చివరి దాకా ఆటో వచ్చింది. అక్కడినుంచి పిన్ని నా భుజం పట్టుకుని, ఎర్రమట్టి గాడిలో ఆగి ఆగి దిగింది. కూర్చున్నప్పుడల్లా నన్ను తిట్టింది. "నెమ్మదిగా నడవ్వే, నన్నిప్పుడే పాతేస్తావేటి?"

గొంది మారలేదు. హోటళ్ళు కడతారని ఒకప్పుడు చెప్పుకున్నారు, దారి లేదని ఎవరూ రాలేదు. మనుషులు లేకపోవడం ఒక్కటే తేడా, అది మాత్రం చాలా పెద్ద తేడా. ఇళ్ళున్నచోట ఎర్రమట్టి గుట్టలు, వాటి మీద మొగలి. చెలమ పూడిపోయింది. ఎక్కడివో నీళ్ళ సీసాలు, ఓ తెగిన నైలాను వల. చిన్నప్పుడు ఇక్కడ ఒంటరిగా ఉన్నాననుకునేదాన్ని. కాదు. అప్పుడు పొయ్యి పొగ ఉండేది, మామ్మ తిట్లు ఉండేవి, ఎవరో ఒకరు పిలవడం ఉండేది. ఒంటరితనమంటే ఏమిటో ఆ పొద్దున, ఒక్క కాలిగుర్తు కూడా లేని ఆ ఇసుక మీద కుర్చీ వేస్తుంటే తెలిసింది. గడపరాయి ఒక్కటే అలాగే ఉంది, దాని తల మీద ఒక పక్షి.

మామ్మ నిలబడే చోటే నిలబడ్డాను. ఏదో గొణిగాను. వెనక నుంచి పిన్ని, "బళ్ళో హాజరేస్తన్నావేటే? ఆడు సముద్రం మీదున్నాడు, గట్టిగా పిలు" అంది. కొంగు నడుముకి చుట్టి, ఛాతీ నిండా ఊపిరి పీల్చాను.

"దావీదూ!"

అలలు ఒకసారి వచ్చి వెళ్ళాయి. అప్పుడు ఉత్తరపు మెట్ట, ఇన్నేళ్ళ తర్వాత, ఒక్క అక్షరం పోకుండా ఆ పేరు తిరిగి అంది. నేను వెనక్కి చూశాను. పిన్ని కుర్చీలో ముందుకి వంగి, తల పక్కకి వాల్చి, చెవి మెట్ట వైపు పెట్టి ఉంది. అచ్చం పొయ్యి ముందు కూర్చున్న ఆనాటి మనిషే. కొండ ఆపేశాక కూడా చాలాసేపు అలాగే ఉంది. తర్వాత కళ్ళు తుడుచుకోకుండానే, "ఆడి గొంతులాగే ఉన్నాది పేరు" అంది. ఆ మాటకు అర్థమేమిటో నాకు తెలియదు, నేను అడగలేదు. ఏడుపు ఆపుకోలేక ఆమెకు కనబడకుండా రాళ్ళ వెంట నీళ్ళలోకి నడిచాను. ఎంతదూరం పోయానో చూసుకోలేదు. నీళ్ళు మోకాళ్ళు దాటాయి, గడపరాయి దగ్గరైంది. అవతల సముద్రం పెద్దగా కొట్టుకుంటోంది. అక్కడే ఉండిపోతే ఎవరికీ ఏమీ లోటుండదని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం.

"ఎస్తేరూ!"

పిన్నికి నా పేరు తెలుసని కూడా నాకు తెలియదు. ఆ ఆయాసంలో అంత గొంతు ఎక్కడినుంచి తెచ్చిందో! నేను తిరిగేలోపే కొండ కూడా అంది, ఎస్తేరూ అని. పరుగులాంటి నడకతో వెనక్కి వచ్చేశాను. "అవతలకి పోయేవారి పేరు ఎత్తకూడదు కదా పిన్నీ?" అన్నాను, ముక్కు చీదుకుంటూ. "ఇవతలే ఉన్నావులే. పిలవొచ్చు" అంది. "పద. ఎసరెట్టాల, ఆకలేస్తంది."

ఆ పూట కాలనీలో వంట తనే చేస్తానంది. ఎసరు మరిగింది. పిన్ని చెయ్యి ఆగలేదు. బియ్యం పోసేసి, మూత పెట్టి, టీవీ పెట్టమంది. ఆ తర్వాత నేనున్న రోజుల్లో ఎప్పుడూ ఆగలేదు. ఎండలు ముదరకముందే పోయింది. పాస్టరు గారు ఇద్దరి పేర్లూ కలిపి చదివి ప్రార్థన చేశారు. ఆయన కొత్తవారు, ఎందుకు దగ్గానో తెలియక నా వైపు చూశారు.

శ్రీకాకుళంలో నన్ను అందరూ మేడమ్ అంటారు, ఆంటీ అంటారు, పంతులమ్మగారూ అంటారు. పేరు పెట్టి పిలిచే పెద్దవాళ్ళు ఎవరూ మిగల్లేదు. నా పేరు నేను ఆఖరిసారి విన్నది గొందిరేవులో, ఓసారి పిన్ని నోట, ఓసారి కొండ నోట. ఈమధ్య సాయంత్రం పూట ఎసరు మరిగాక, బియ్యం పోయబోయి నా చెయ్యి ఆగిపోతోంది. నేను ఎదురుచూడాల్సిన వాళ్ళు ఎవరూ లేరు. అయినా తల కాస్త పక్కకి వంచి, వింటూ నిలబడతాను.